ధనుష్కోటి రైలుదారి

రామేశ్వరయాత్ర చేయు మన తెలుగువారు ధనుష్కోటిలో సేతుస్నానము చేసినగాని యాత్ర ముగిసినట్లు తలంపరు. కోటి యనగా నిచ్చట సంఖ్య గాదు; వింటికొన. పాంబను దీవి ఆగ్నేయమున సన్నగిలి సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన యిసుకతిన్నె యది. ఒకవంక బంగాళాఖాతము, వేరొకవంక మన్నారు సింధుశాఖ.

2017లో మోటారుబాట తెరువక పూర్వమే నేనచ్చటి పాత రైలుకట్ట వెంబడి నడచితిని. ఆ దారి రామేశ్వరమునుండి బయలుదేరినది కాదు. 1914లో పాంబను వంతెన తెరచిన పిమ్మట ముఖ్యమార్గము పాంబనునుండి నేరుగా ధనుష్కోటికి పోయెను. రామేశ్వరమునకు పోయినది కొమ్మదారి మాత్రమే. రైలు కంపెనీవారి చూపు లంకమీద నుండెను. యాత్రికుడు వారికి రెండవవాడు. మద్రాసున బోట్ మెయిలెక్కినవాడు ధనుష్కోటి రేవున దిగి, పొగయోడలో తలైమన్నారు చేరి, అచ్చట మరల రైలెక్కి కొలంబో పోవుచుండెను. తేయాకుతోటలకు పోవు కూలీలను మాత్రము ముందుగా మండపము శిబిరమున నిలిపి, అంటురోగములు లేవని చూచి పంపుచుండిరి.

1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి, అర్ధరాత్రమగుచుండగా, 653వ నంబరు పాసెంజరు పాంబను విడిచెను. ధనుష్కోటి చేరువలో సిగ్నలు దీపము కానరాక కొంతసేపు నిలిచి, పిదప ముందునకు సాగినదందురు. తుపాను కెరటము బండినంతయు ముంచివేసెను. అందలివా రొక్కరును దక్కలేదు. మృతుల సంఖ్య నొక్కొక్కరొక్కొక తీరున చెప్పుదురు. టిక్కెట్టు లేక యెక్కినవారి లెక్క ఏ పుస్తకమున నుండును?

విరిగిన పాంబను వంతెనను ఇ. శ్రీధరన్ గారి పర్యవేక్షణమున 46 దినములలో బాగుచేసిరి. దానితో కొమ్మదారి బ్రతికెను. ముఖ్యమార్గమును మరల వేయరైరి. ఓడలు రామేశ్వరమునుండి కొన్నాళ్లు నడచి, 1980 దశకమున లంకలోని కల్లోలములచే నిలిచిపోయెను.

నేను చూచినప్పుడు పట్టాల తునుకలు ఇసుకలో నొకచోట తేలి, వేరొకచోట మునుగుచుండెను. స్టేషను గోడలు, నీటితొట్టి కంబములు, పగడపురాళ్లతో కట్టిన కప్పులేని క్రైస్తవదేవాలయము నిలిచియుండెను. నివాసయోగ్యము కాదని ప్రభుత్వము చాటినను జాలరు లా చోటు విడువలేదు. ఒక వృద్ధజాలరి ఇసుకను చేతులతో మూరెడు త్రవ్వి, చెలమనీరు తీసి నాకిచ్చెను. ఇరువైపుల నుప్పుసముద్రమే, ఆ నీరు మాత్రము తియ్యగా నుండెను. ఓడలరేవెక్కడ నని వచ్చీరాని యరవమున నడిగితిని. అతడు గడ్డమెత్తి కెరటములవైపు చూపి, తన వలను సరిచేసికొన మొదలిడెను.