పక్షి గ్రుడ్డులో పాదరసము

జ్వరము చూచు గాజుగొట్టము ఒకటి నిన్న మొన్నటివరకు ప్రతి ఇంటి అలమరలోను ఉండెడిది. కొందరి ఇండ్లలో నేటికిని ఉన్నది. ఎప్పుడో ఒకనాడు అది చేజారి పగులుటయు, లోపలి పాదరసము వెండి పూసలవలె నేలమీద పరుగెత్తుటయు, పిల్లలు దానిని పట్టబోయి పెద్దల గద్దింపు విని వెనుకకు తగ్గుటయు శ్రోతలలో పెక్కుమందికి జ్ఞాపకముండవచ్చును. చీపురుతో ఊడ్చి తూములో పోసినచో ఆ పూసలు కంటికి కనబడకుండ పోవును. కనబడకపోయినంత మాత్రమున అవి లేకుండ పోయినవా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్న పక్షులు కొన్ని అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు ఒడ్డున గ్రుడ్లు పెట్టుచున్నవి. ఆ గ్రుడ్లు చెప్పు సాక్ష్యమును గురించి నేడు ముచ్చటింపదలచితిమి.

కథ పక్షితో గాక బంగారముతో మొదలగును. శాన్ హొసే నగరమునకు దక్షిణమున ఉన్న కొండలలో ఎర్రని రాయి దొరకును. మనవారు ఇంగిలీకమనునది అదియే. అచ్చటి ఆదిమవాసులు పూర్వమునుండి దానిని రంగుగా వాడుకొనుచుండిరి. అది పాదరసపు ముడిరాయి యని 1845లో గుర్తింపబడినది. స్పెయిను దేశపు ప్రసిద్ధమైన గని పేరుమీద ఈ గనికి న్యూ అల్మడెన్ అని పేరిడిరి. మూడు సంవత్సరములు గడవకమునుపే, 1848 జనవరిలో, అదే రాష్ట్రమున బంగారము బయటపడినది. పాదరసమునకు బంగారమును తనలో కలుపుకొను గుణమున్నది. దేవతామూర్తులకు బంగారుపూత పూసిన మన స్వర్ణకారులకు ఈ గుణము తెలియనిది కాదు. కాలిఫోర్నియాలో కొండచరియలను నీటి గొట్టములతో కోసి, ఆ మట్టినీటిని కొయ్యకాలువల వెంట పారించి, కాలువ అడుగున పాదరసము పోసి బంగారుపొడిని పట్టుచుండిరి. పట్టుబడినది బంగారము, జారిపోయినది పాదరసము. ఇసుకలోని బంగారమునకై సాగిన ఆ పనులలో దాదాపు 45 లక్షల కిలోల పాదరసము మట్టిపాలు, నీటిపాలు అయినదని అమెరికా భూగర్భ సర్వే అంచనా. 1884లో న్యాయస్థానము ఈ పద్ధతికి అడ్డుకట్ట వేసినది. కాని అప్పటికే నదులలో చేరిన బురద అఖాతమునకు దిగివచ్చుచుండెను. న్యూ అల్మడెన్ గని వ్యర్థములును గ్వాడలూప్ నది వెంట అఖాతపు దక్షిణపు కొసను చేరినవి. గని మూతపడి అర్ధశతాబ్ది కావచ్చినది. ఆ స్థలము నేడు ప్రజల విహారవనము. బురదలోని పాదరసము మాత్రము అట్లే ఉన్నది.

లోహరూపమున ఉన్నంతకాలము బురదలోని పాదరసము ప్రాణుల ఒంటికి అంతగా పట్టదు. గాలి చొరని బురదలో కొన్ని సూక్ష్మజీవులు నివసించును. అవి తమ జీవనవ్యాపారములో భాగముగా పాదరసమును మిథైల్ పాదరసముగా మార్చును. చిక్కంతయు అచ్చటనే ఉన్నది. ఈ క్రొత్త రూపము జీవుల మాంసములో ఇట్టే చేరును, అంత సులభముగా విడువదు. నీటిలోని నాచు దానిని గ్రహించును. నాచును పురుగులు, పురుగులను చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు, పక్షులు తినును. ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది విషపు పాలు హెచ్చును. నీటిలో ఉన్నదానితో పోల్చినచో, వేటాడి బ్రతుకు చేపల ఒంటిలో అది పదిలక్షల రెట్లకు మించవచ్చును. కావుననే నీటిని మాత్రము పరీక్షించి భయము లేదనుకొనుట పొరపాటగును.

అఖాతపు దక్షిణపు కొసలో ఒకప్పుడు ఉప్పు పండించిన మడుగులు వేల ఎకరములు కలవు. వాటి నడుమనున్న మట్టిదిబ్బలపై ప్రధానముగా మూడు జాతుల పక్షులు గ్రుడ్లు పెట్టును. మొదటిది ఫార్‌స్టర్ టెర్న్. తెల్లని ఒళ్ళు, చీలిన తోక గలిగి, నీటిపై ఎగురుచు హఠాత్తుగా దూకి చిన్న చేపను పట్టును. ఇట్టి పక్షులను మన తీరములందును, చెరువులమీదను చూచుచునే ఉన్నాము. రెండవది పైకి వంగిన ముక్కుగల అవొసెట్. మూడవది పొడుగుకాళ్ళ స్టిల్ట్. కొల్లేటిలోను, పులికాటులోను ఎర్రని కాళ్ళతో బురదలో ఆచితూచి నడచు పక్షి ఈ స్టిల్టుకు దగ్గరి చుట్టము. అవొసెట్, స్టిల్ట్ పురుగులను తిని బ్రతుకును. చేపలను తిను టెర్న్ ఆహారపు నిచ్చెనపై వాటికంటె పై మెట్టున ఉన్నది. ఈ మూడింటిలో దాని గ్రుడ్లలోనే పాదరసము హెచ్చుగా కనబడినది.

తల్లి తిన్న పాదరసము ముఖ్యముగా రెండు దారుల బయటికి పోవును. ఒకటి ఈక, రెండవది గ్రుడ్డు. ఈక పెరుగుచున్నప్పుడు రక్తములోని పాదరసము అందులో చేరి, ఈక రాలినప్పుడు దానితో పోవును. గ్రుడ్డు దారి అట్టిది కాదు. తల్లికి తగ్గిన భారము బిడ్డకు సంక్రమించును. పిండము ఏర్పడి, నరములు అల్లుకొను సమయమునకే విషము గ్రుడ్డులోని తెల్లసొనలో చేరి ఉండును.

అందుచేతనే ఈ పక్షులను కనిపెట్టి చూచువారు గ్రుడ్డునే ప్రధానసాక్షిగా ఎంచుకొనిరి. అమెరికా భూగర్భ సర్వేకు చెందిన జాషువా ఆకర్‌మన్, కాలిన్ ఈగల్స్-స్మిత్ మొదలగు శాస్త్రజ్ఞులు ఈ అఖాతమున సంవత్సరముల తరబడి ఈ పని చేసిరి. గ్రుడ్లు పెట్టు కాలమున దిబ్బలకు పోయి గూళ్ళకు గుర్తులు పెట్టుదురు. గ్రుడ్డును నీటిలో విడిచి, అది తేలు తీరును బట్టి పెట్టి ఎన్నిదినములైనదో తెలిసికొందురు. కొన్ని గూళ్ళనుండి ఒక్కొక్క గ్రుడ్డును తీసి పరీక్షింతురు. తక్కినవి పొదిగినవా, పొదుగక మిగిలినవా యని మరల మరల పోయి వ్రాసికొందురు. పిల్ల వెడలిన తరువాత మిగిలిన పెంకును, దాని లోపలి పొరను పరీక్షించియు పాదరసము లెక్క కట్టవచ్చును. అప్పుడు ఒక ప్రాణమును బలిగొనవలసిన పని లేదు. మా వృత్తికి చుట్టరికముగల పద్ధతి మరియొకటి యున్నది. అప్పుడే పుట్టిన అవొసెట్, స్టిల్ట్ పిల్లల వీపున అతి చిన్న రేడియో ప్రసారయంత్రమును అమర్చి, ఆ సంకేతము వెంట పోయి పిల్ల బ్రతికినదో లేదో తెలిసికొనిరి. మేము మాటలు పంపు గాలిదారిలోనే ఆ పిల్లలు తమ క్షేమసమాచారమును పంపినవి.

ఇంత చేసి వారేమి కనుగొనిరి? పాదరసము వలన పక్షులు గుంపులుగా నేలకూలుట అచ్చట కనబడలేదు. కీడు అంతకంటె నిశ్శబ్దమైనది. గ్రుడ్డునుండి వెలువడవలసిన పిల్ల తన తలను కుడిరెక్క క్రింద ఉంచి, ముక్కును గ్రుడ్డులోని గాలిగది వైపునకు త్రిప్పుకొనవలెను. అప్పుడే అది మొదటి శ్వాస తీసికొని పెంకును పగులగొట్టగలదు. పొదుగక మిగిలిన గ్రుడ్లను విప్పి చూడగా కొన్నింట పిల్ల అడ్డముగనో తలక్రిందుగనో తిరిగి, దారి తెలియక చనిపోయి ఉన్నది. టెర్న్ గ్రుడ్లలో ఇట్లు దారి తప్పిన పిల్లలున్నవాటిలో పాదరసము హెచ్చుగా ఉన్నట్లు 2010లో ప్రచురించిరి. స్టిల్ట్ పిల్లల విషయమున సాక్ష్యము అంత సూటిగా లేదు. చనిపోయి దొరికిన పిల్లల ఈకలలో పాదరసము హెచ్చుగా కనబడినను, రేడియో కట్టిన పిల్లలలో చావుకును పాదరసమునకును గట్టి సంబంధము తేలలేదు. నక్కలును, సముద్రపు కాకులును తినిపోవు పిల్లలు ఎన్నియో. ఏది విషము చేసినది, ఏది శత్రువు చేసినది యని వేరుపరచుట ఈ పనిలో అన్నిటికంటె కష్టమైనది.

శత్రువు లేని చోట ఏమగునో చూచినవాడు గ్యారీ హైన్జ్. ఆయన మూడు తరముల బాతులకు కిలో మేతకు అర మిల్లీగ్రాము చొప్పున మిథైల్ పాదరసము కలిపి పెట్టి, ఫలితములను 1979లో ప్రకటించెను. ఆ బాతులు చావలేదు. కాని వాటి గ్రుడ్లు తగ్గినవి. కొన్ని గ్రుడ్లను గూటిలో గాక బయట పెట్టినవి. వాటి పిల్లలు తల్లిపిలుపు వినిపించినప్పుడు తక్కిన పిల్లలవలె దాని వైపు పరుగిడలేదు. బెదరింపునకు మాత్రము మితిమీరి బెదరినవి. అడవిలో తల్లిపిలుపునకు పలుకని పిల్లకు రేపన్నది ఉండునా?

ఈ పరిశీలన వలన ప్రయోజనమేమని అడుగువారు లేకపోలేదు. 2003లో ఆ ఉప్పుమడుగులలో 15,000 ఎకరములకు పైబడి ప్రభుత్వములు కొని, సముద్రపు పోటును మరల లోనికి రానిచ్చి, పూర్వపు రెల్లుబీళ్ళను పునరుద్ధరింప పూనుకొన్నవి. పని మంచిదే. కాని గట్టు తెగినచో కాలువ అడుగున నిద్రించుచున్న పాతబురద లేచును. క్రొత్తగా తడిసిన నేలలో సూక్ష్మజీవులు పని సాగించును. గ్వాడలూప్ నీరు చేరుచోట ఉన్న ఏ-8 అను మడుగునకు 2011లో తలుపులమర్చి తెరచినప్పుడు గ్రుడ్లలో పాదరసము పెరిగినది. తరువాతి సంవత్సరములలో తిరిగి తగ్గినది. గ్రుడ్లను, చేపలను చూచుచు, తలుపులను ఒక్కసారిగా గాక క్రమక్రమముగా తెరచిరి. మేలు చేయబోయి కీడు చేయకుండ ఒక పక్షి గ్రుడ్డు చేయి పట్టి నడిపించినదన్నమాట.

పక్షి చెప్పినను విననివారి గతి యేమో జపాను దేశమున మినమాట అను ఊరు చూపినది. ఒక కర్మాగారపు పాదరసము సముద్రములో చేరగా, అచ్చట ముందుగా కాకులు ఎగురుచు ఎగురుచు నేలపడినవి. పిల్లులు పిచ్చెత్తి గిరగిర తిరిగినవి. ఆ సూచనలను చదివినవారు లేకపోయిరి. 1956లో ఆ వ్యాధి మనుష్యులలో గుర్తింపబడినది. పిమ్మట తల్లిగర్భమునందే విషము సోకి పుట్టిన శిశువులు కనబడిరి. గ్రుడ్డులోని పిల్లకు జరిగినదియు, గర్భములోని శిశువునకు జరిగినదియు వేరుకావు. ఆ ఊరి పేరనే పాదరసమును అరికట్టు అంతర్జాతీయ ఒప్పందము 2013లో కుదిరి, 2017లో అమలులోనికి వచ్చినది. 2018లో మన దేశమును దానిని ధ్రువీకరించినది.

ఇక మన ఇంటి సంగతి. పాదరసపు గొట్టము పగిలినచో చీపురు వాడరాదు, తూములో పోయరాదు. పిల్లలను బయటికి పంపి, కిటికీలు తెరచి, గట్టి కాగితముతో పూసలను ప్రోగుచేసి, మూతగల సీసాలో ఉంచి, ఆసుపత్రివారినో పురపాలకసంఘమువారినో అడిగి అప్పగింపవలెను. కాలిఫోర్నియాలో బంగారము పట్టినవారు గతించి నూరేండ్లు దాటినది. వారు జారవిడిచినదానిని టెర్న్ పక్షి నేటికిని తన గ్రుడ్డులో మోయుచున్నది. మన చేతినుండి జారినది ఏ చెరువున, ఏ గూటిలో తేలునో, దానిని విప్పి చూచువారు అప్పుడుందురో లేదో. జారకుండ చూచుకొనుట మాత్రము మన చేతిలోనే ఉన్నది.