వాయిద్యం నేర్చుకుందాం – వయసు అడ్డు కాదు



"ఇంట్లో ఊరికే కూర్చుంటే పొద్దు పోవడం లేదు, ఏం చేయమంటారు?" అని వరికుంటపాడు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుండి వచ్చే పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు. నడవండి, మందులు వేళకు వేసుకోండి అని ఎప్పుడూ చెబుతూనే ఉంటాం. ఈసారి ఇంకొక మాట చెబుతున్నాం. ఒక వాయిద్యం నేర్చుకోండి. పిల్లనగ్రోవి, డోలక్, కంజీర, చిడతలు, హార్మోనియం, పలక – ఇవన్నీ మనకు తెలిసినవే. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తనలు మన రాగతాళాలలోనే ఉన్నాయి కనుక, పాట ముందే తెలిసినవారికి పని సగం తేలిక.

పలక సంగతి

మిగతాచోట్ల డప్పు అనేదాన్నే మనవైపు పలక అంటారు. గుండ్రని చెక్క చట్రానికి చింతగింజల జిగురుతో తోలు అంటించి చేస్తారు. ఒక చేతిలో పొట్టి లావుపాటి కర్ర, రెండో చేతిలో సన్నని పుల్ల పట్టి వాయిస్తారు. తేమకు తోలు వదులవుతుంది, అందుకే ముందు మంటకు కాస్తారు.

దీని పేరు ఎత్తితే కొన్ని కుటుంబాల్లో పెద్దల ముఖం చిన్నబోతుంది. కారణం లేకపోలేదు. జాతరకు, చావుకు, చాటింపుకు పలక కొట్టడం ఒకప్పుడు ఒక కులం మీద మోపిన వెట్టి. 1870లలో, ఒంగోలు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, మిషనరీ జాన్ క్లౌ గారి కాలంలో క్రైస్తవులైన మాదిగలు జాతరలో వాయించబోమని చెప్పి, ఊరి పెద్దల చేత ఎన్నో బాధలు పడ్డారు. ఆనాడు వద్దనడం ఆత్మగౌరవం. ఈనాడు ఎవరి ఆజ్ఞా లేకుండా, మన ఇష్టంతో సాయంత్రం కాసేపు నేర్చుకోవడం వేరు. ఇప్పుడు మన రాష్ట్రంలో డప్పు కళాకారులకు ప్రభుత్వ పింఛను ఉంది. తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించారు. వాయిద్యానికి గాని, దాన్ని కాపాడిన చేతులకు గాని చిన్నతనం లేదు.

ఆరోగ్యానికి ఏమి మేలు?

న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని కొన్నేళ్లపాటు గమనించి, ఫలితాలను 2003లో ప్రచురించారు. చదవడం, వాయిద్యం వాయించడం వంటి అలవాట్లు ఉన్నవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. వాయిద్యమే జబ్బును ఆపిందని దీని అర్థం కాదు. అయినా చెయ్యి, చెవి, జ్ఞాపకం మూడూ కలిసి పనిచేసే అభ్యాసం ఇది.

స్విట్జర్లాండులో నిద్రలో శ్వాస ఆగే జబ్బు, గురక ఉన్న 25 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆస్ట్రేలియా ఆదివాసుల పొడవాటి కర్ర బూర డిడ్జెరిడూను నాలుగు నెలలు నేర్పారు. వారికి పగటి కునుకుపాట్లు తగ్గాయని 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. మన పిల్లనగ్రోవికి కూడా ఇదే ఫలితం ఉంటుందని మేము చెప్పడం లేదు. గురక ఎక్కువగా ఉన్నవారు ముందు డాక్టరును కలవండి.

ఎలా మొదలుపెట్టాలి?

1. కొనకముందు ఎవరిదైనా అడిగి నెల రోజులు ప్రయత్నించండి.
2. మొదట చేత్తో తొడ మీద తాళం వేయండి. తాళం నిలబడ్డాకే కర్ర పట్టండి.
3. రోజుకు 15 – 20 నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోవడం కంటే ఇదే మేలు.
4. వేళ్లు, మణికట్టు నొప్పి పెడితే ఆపండి. తిమ్మిరి తగ్గకపోతే చూపించుకోండి.

జాగ్రత్తలు

చెవులు: 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. పలకను మూసిన గదిలో కాక ఆరుబయట వాయించండి. దూది చాలదు, ఇయర్ ప్లగ్స్ వాడండి. చెవిలో గుయ్‌మనే శబ్దం తగ్గకపోతే రండి.

కీళ్లు: ఫ్లోరైడ్ నీటి వల్ల మెడ, నడుము బిగుసుకుపోయినవారు పలకను భుజానికి తగిలించుకోవద్దు. కూర్చుని వాయించే హార్మోనియం, చిడతలు మేలు.

ఊపిరి: పిల్లనగ్రోవి ఒకరిది ఒకరు ఊదవద్దు. లోపల శుభ్రంగా తుడిచి ఆరబెట్టండి. ఇంగ్లండులో తోలుతిత్తి బూర వాయించే ఒకాయన, దానిలో పెరిగిన బూజు వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయినట్లు 2016లో వైద్యులు రాశారు. రెండు వారాలు మించి దగ్గు ఉంటే ముందు కళ్లె పరీక్ష, ఆ తర్వాతే ఊదడం.

కళ్లు: నీటికాసులు ఉన్నవారు, కంటి ఆపరేషను అయినవారు నాదస్వరం వంటివి గట్టిగా ఊదేముందు డాక్టరును అడగండి.

కంజీర: ఉడుము చర్మంతో చేసినది కొనవద్దు, అది చట్టవిరుద్ధం. మేక తోలుది అడగండి.

చివరిగా ఒక మనవి. పలక దరువులు పుస్తకాల్లో కంటే పెద్దల చేతుల్లోనే ఎక్కువ ఉన్నాయి. మీ పల్లెలో వాయించడం తెలిసిన పెద్దాయన ఉంటే, ఆయన దగ్గరకు వెళ్లి గౌరవంగా అడిగి, ఇవ్వవలసింది ఇచ్చి నేర్చుకోండి. మనవళ్లను కూడా వెంట తీసుకువెళ్లండి. ఆయనకూ పొద్దు పోతుంది, మీకూ పోతుంది, దరువు నిలుస్తుంది.