టెక్కలి నుంచి ఒక్క రోజులో పాత చికాకోల్

స్నేహితులతో చారిత్రక పట్టణం చూడాలనుకుంటే అందరూ ముందు చెప్పే పేరు హైదరాబాదే. కానీ టెక్కలి, పలాస కుర్రాళ్లకు అలాంటి ఊరు గంట, గంటన్నర దూరంలోనే ఉంది. అదే శ్రీకాకుళం. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో దీని పేరు చికాకోల్.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ ప్రాంతపు పాలన ఇక్కడి నుంచే సాగేది. వారి ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో ఇక్కడ జామియా మసీదు కట్టించారు. అంటే చార్మినార్ వెలసిన యాభై ఏళ్లకే. 1766లో నిజాం ఉత్తర సర్కారులను ఇంగ్లీషువారికి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లూ పోయారు. మసీదులో నమాజు మాత్రం నేటికీ జరుగుతోంది.

వెళ్లడానికి రైలు కన్నా బస్సే నయం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. దిగాక మళ్లీ ఇంకో బండి చూసుకోవాలి. పొద్దున్నే బయలుదేరితే మసీదును తీరిగ్గా చూసి, జుహర్ నమాజు జమాత్‌తో చదువుకోవచ్చు.

మధ్యాహ్నం శాలిహుండం వెళ్లొచ్చు. అక్కడి కొండమీది బౌద్ధ స్తూపాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారు. అక్కడికి దగ్గర్లోనే కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే.

ఫోటోలు దిగి వచ్చేయడమే కాదు. నమాజు అయ్యాక మసీదు పెద్దల దగ్గర పది నిమిషాలు కూర్చోండి, పాత సంగతులు అడగండి. వాళ్లు చెప్పే కబుర్లు ఏ పుస్తకంలోనూ దొరక్కపోవచ్చు. మనం అడక్కపోతే అవి వాళ్లతోనే పోతాయి.