డబ్బా మీది అంకె, ఫిల్ములోని బొమ్మ

పుదుచ్చేరిలోని కురుచికుప్పం నుంచి దక్షిణంగా నాలుగడుగులు వేస్తే సెయింట్ లూయీ వీధిలో ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ కనిపిస్తుంది. 1955లో పుట్టిన ఈ సంస్థ మరుసటి ఏడాది నుంచే దక్షిణాది గుళ్లనూ శిల్పాలనూ ఫొటోలు తీయించింది. లక్షకు మించిన ఆ ఫొటోల నిధి ఇప్పుడు డిజిటల్‌గానూ ఉంది. మరి బీరువా అడుగున నెగటివ్‌ల కవరు దాచుకున్న ఇంటివాళ్లు తక్కువ ఖర్చులో ఏ స్కానర్ కొనాలి?

ముందు స్కేలు పెట్టి నెగటివ్‌ను కొలవండి. ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి పాత కెమెరాలవి 120 రోలు ఫిల్ములు. ఒక్కో బొమ్మ దాదాపు 56 మిల్లీమీటర్ల చదరం. 35 ఎం.ఎం. ఫిల్ములో బొమ్మ 36×24 మిల్లీమీటర్లే. బేరమంతా ఈ తేడా మీదే తేలుతుంది.

ఆఫీసు స్కానర్ ఇందుకు పనికిరాదు. అది కాగితం మీద పడి తిరిగొచ్చిన వెలుగును చదువుతుంది, ఫిల్ముకేమో వెలుగు అవతలి వైపు నుంచి దూసుకురావాలి. మూతలోనూ దీపమున్న ఎప్సన్ వి600 లాంటి ఫ్లాట్‌బెడ్ స్కానర్లు ఆ పని చేస్తాయి. డబ్బా మీద 6400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అని ఉంటుంది, పరీక్షించి చూస్తే నిజంగా దక్కే వివరం సుమారు 1600. మిగతాదంతా ఫైలు బరువే. ఆ లెక్కన 35 ఎం.ఎం. బొమ్మ నుంచి మూడున్నర మెగాపిక్సెళ్లు కూడా రావు. 120 బొమ్మ నుంచైతే పన్నెండు దాటుతాయి, గోడకు తగిలించుకునే ప్రింటుకు అవి చాలు. ఇంట్లో ఉన్నవన్నీ 35 ఎం.ఎం. రోళ్లే అయితే 35 ఎం.ఎం.కు మాత్రమే చేసిన ప్లస్‌టెక్ మోడళ్ల లాంటి ఫిల్ము స్కానర్ మేలు. దాన్లో 120 మాత్రం పట్టదు. ఇక ఫిల్ము స్కానర్ పేరుతో అమ్మే అరచేతి పెట్టెల్లో చాలామటుకు ఉండేది చిన్న కెమెరానే. నా మటుకు నేను వాటి జోలికి పోను.

దుమ్మునూ గీతలనూ దానంతటదే చెరిపేస్తుందని చెప్పి కొన్ని మోడళ్లకు ఎక్కువ ధర కట్టిస్తారు. కిటుకు పరారుణ కాంతిలో ఉంది. కలర్ ఫిల్ములోని రంగులు ఆ కాంతిని దాటనిస్తాయి, దుమ్ము కణం అడ్డుకుంటుంది. అడ్డుపడిన చోటల్లా మచ్చ ఉందని యంత్రం గుర్తించి, పక్కనున్న బొమ్మతో పూడుస్తుంది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మే వెండి రేణువులు. వెండి కూడా పరారుణానికి అడ్డే కాబట్టి యంత్రానికి బొమ్మంతా దుమ్ములాగే కనిపిస్తుంది! ఊటీలో తయారైన ఇందు నలుపు తెలుపు రోళ్లే మీ దగ్గరుంటే ఆ హంగుకు పైసా ఎక్కువ పెట్టక్కర్లేదు.

సముద్రపు ఒడ్డు ఇళ్లలో ఇంకో బెడద బూజు. నెగటివ్‌ను అంచులు పట్టుకుని కిటికీ వెలుగులో ఏటవాలుగా చూస్తే, మెరుపు లేని వైపున సాలెగూడులా కనిపిస్తుంది. ఆ వైపునే బొమ్మను మోసే జెలటిన్ పొర ఉంటుంది, బూజుకు అదే తిండి. నీళ్లతో మాత్రం కడగకండి. బూజు తినేసిన జెలటిన్ నీటిలో కరిగితే బొమ్మా దాంతోపాటే పోతుంది. మెత్తటి బ్రష్షుతో పైపైన దులిపి, ఉన్నదున్నట్టు స్కాన్ చేసి, మచ్చల సంగతి కంప్యూటర్‌లో చూసుకోవచ్చు.