ఇంప్రింటు పేజీ నుంచి డొమైన్ నమోదు దాకా: చిరునామా ఎవరి కోసం?

పుస్తకం చేతికి రాగానే మనం రచయిత పేరు చూస్తాం, ధర చూస్తాం. లోపలిపుట వెనక సన్నటి అక్షరాల్లో ఉండే రెండు మూడు పంక్తుల్ని సాధారణంగా చూడం. పిఠాపురంలో విద్వజ్జన మనోరంజనీ ముద్రాక్షరశాల అచ్చువేసిన పాత కావ్యాల మీద ఆ ముద్రాక్షరశాల పేరూ ఊరి పేరూ కనిపిస్తాయి. అవి కేవలం మర్యాద కోసం వేసినవి కావు. 1857 తిరుగుబాటు మొదలైన పదేళ్లకు, 1867లో, బ్రిటిష్ ప్రభుత్వం ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం చేసింది. అచ్చయిన ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ముద్రణ స్థలం, ప్రచురణకర్త పేరు, ప్రచురణ స్థలం స్పష్టంగా ఉండాలని ఆ చట్టం శాసించింది. సంస్థానం ఆదరించిన పద్యకావ్యానికైనా, సంస్థానాన్ని తిట్టిన కరపత్రానికైనా ఒకటే నియమం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పంక్తిలో రచయిత అసలు పేరు ఉండితీరాలని చట్టం అడగలేదు. జవాబు చెప్పేందుకు ఒక మనిషి దొరికితే దానికి చాలు. రచయిత కలంపేరు వెనక నిలబడగలిగింది ఆ సందులోనే. 1965లో దిగంబర కవులు ఆరుగురూ సొంత పేర్లు విడిచి కొత్త పేర్లతో వచ్చారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అన్న పేర్లతోనే పాఠకులు వాళ్లను గుర్తుంచుకున్నారు. పత్రికల విషయంలో మాత్రం పట్టు ఇంకా బిగువు. ఏటా ఫిబ్రవరి ముగిశాక వెలువడే మొదటి సంచికలో ‘ఫారం 4’ పేరుతో సంపాదకుడు, ప్రచురణకర్త, యజమానుల పేర్లూ చిరునామాలూ ప్రకటించవలసి ఉండేది. పెద్ద దినపత్రికకు అది కార్యాలయం చిరునామా. చిన్న పత్రికకు సంపాదకుడి ఇల్లే కార్యాలయం కనుక, అక్కడ అచ్చయింది అతని ఇంటి చిరునామా. నియమం ఒకటే అయినా దాని బరువు అందరి మీదా ఒకేలా పడదు. 1867 చట్టం పోయి, 2023లో చేసిన కొత్త పత్రికల నమోదు చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. కాని ఆ పాత సమస్య మరో చోట, మరింత విస్తృతంగా మన ముందుకు వచ్చింది.

ఇవాళ సాహిత్య పత్రికలు అనేకం ఇంటర్నెట్ మీద వెలువడుతున్నాయి. పత్రికకు అక్కడ సొంత చిరునామా కావాలంటే డొమైన్ పేరు తీసుకోవాలి. అది శాశ్వతంగా కొనేది కాదు, ఏళ్ల లెక్కన కట్టి నిలబెట్టుకునే హక్కు. మన దగ్గర రుసుము తీసుకుని పేరు రాసుకునే సంస్థను రిజిస్ట్రార్ అంటారు. ‘డాట్ కామ్’, ‘డాట్ ఇన్’ వంటి ఒక్కొక్క తోకకూ మూల చిట్టా ఉంచే సంస్థను రిజిస్ట్రీ అంటారు. మన దేశపు ‘డాట్ ఇన్’ చిట్టా నిక్సీ అనే సంస్థ అధీనంలో ఉంది. తెలుగు లిపిలోని ‘.భారత్’ కూడా దాని కిందిదే. అంతర్జాతీయంగా ఈ పేర్ల వ్యవస్థను సమన్వయపరిచేది 1998లో ఏర్పడిన ఐకాన్. పేరు తీసుకునేవాడు తన పేరు, తపాలా చిరునామా, ఫోను, ఈమెయిలు రాసివ్వాలి. ఆ వివరాలను ఎవరైనా అడిగి తెలుసుకునే పద్ధతిని ‘హూయిజ్’ అన్నారు. ‘ఎవరు?’ అన్న ప్రశ్నే దాని పేరు.

ఈ పద్ధతి ఎలాంటి సమాజంలో పుట్టిందో తెలిస్తే దాని లోపం తెలుస్తుంది. 1982లో దాన్ని రాతపూర్వకంగా నిర్ణయించినప్పుడు ఆ నెట్‌వర్క్ అమెరికా రక్షణశాఖ సొమ్ముతో నడిచేది. దాన్ని వాడినవాళ్లు విశ్వవిద్యాలయాల వాళ్లు, పరిశోధకులు, సైనికశాఖ వాళ్లు. యంత్రం చెడితే ఎవరికి ఫోను చెయ్యాలో తెలియటానికి అది ఒక టెలిఫోను డైరెక్టరీ లాంటిది. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది మధ్య అందులో దోషం లేదు. నెట్‌వర్క్ బజారుగా మారాక కూడా అదే డైరెక్టరీని ప్రపంచమంతటికీ తెరిచి ఉంచారు. దాంతో ప్రకటనల వ్యాపారులూ మోసగాళ్లూ చిరునామాలను టోకున కోసుకున్నారు. పిఠాపురంలో ఒక అధ్యాపకురాలు కలంపేరుతో కులాహంకారం మీద కథలు రాస్తూ, వాటికోసం ఒక డొమైన్ తీసుకున్నదనుకుందాం. అలాంటి తెరిచిన చిట్టాలో కథ నచ్చనివాడికి ఆమె వీధి, ఫోను నంబరు క్షణంలో దొరికేవి. అచ్చు పుస్తకం విడిచిపెట్టిన ఆ సందును ఈ చిట్టా పూడ్చేసింది.

దానికి జనం కనిపెట్టుకున్న ఉపాయం అబద్ధం. భయపడినవాడూ అబద్ధం రాశాడు, మోసం చెయ్యదలచినవాడూ అబద్ధం రాశాడు. ఐకాన్ కోసం చేసిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. కట్టుదిట్టమైన కొలతతో చూస్తే పూర్తిగా సరిగా ఉన్న నమోదులు నూటికి 23 మాత్రమేనని అది తేల్చింది. 2013 ఒప్పందం ప్రకారం రిజిస్ట్రార్లు 15 రోజుల్లోగా ఈమెయిలునో ఫోనునో పరీక్షించాలి. కావాలని తప్పుడు వివరాలిస్తే, సరిచూడమన్న లేఖకు 15 రోజులు దాటినా జవాబివ్వకపోతే, పేరు రద్దు కావచ్చు. ఆ నియమం కూడా ఎవరికి తగులుతుందో ఆలోచించాలి. మోసగాడు ఒక పేరు పోతే మరొకటి తీసుకుంటాడు. ఫోను మారిన సంగతి రాయటం మరచిన చిన్న పత్రిక మాత్రం తన పాత సంచికలన్నీ ఉన్న చిరునామాను పోగొట్టుకుంటుంది.

అయితే చిట్టా అంతా మూసేస్తే సరిపోతుందా? సరిపోదు. పిఠాపురం యాత్రాస్థలం. పాదగయకు వచ్చే యాత్రికులకు గదులిస్తామని ఎవడో దొంగ వెబ్‌సైటు పెట్టి సొమ్ము గుంజితే, ఆ పేరు ఎవరిదో తెలియాలి. మోసపోయేది కూడా సామాన్యుడే. కనుక గోప్యత, యథార్థత ఒకదానికొకటి శత్రువులనే వాదం నిలబడదు. వివరాలు లోకమంతా చూస్తుందనే భయమే అబద్ధాన్ని పెంచింది. భద్రంగా ఉంటుందన్న నమ్మకం ఉన్నచోట నిజం రాయటానికి చాలామంది వెనకాడరు.

2018 మే 25న ఐరోపా వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధన అమలులోకి రావటంతో ఐకాన్ పద్ధతి మార్చుకోక తప్పలేదు. వ్యక్తుల పేర్లు, వీధులు, ఫోన్లు బహిరంగ జవాబుల్లోంచి చాలావరకు తొలగిపోయాయి. 2025 జనవరి 28 నుంచి ‘డాట్ కామ్’ వంటి తోకలకు పాత హూయిజ్ తప్పనిసరి కాదు. దాని స్థానాన్ని ఆర్.డి.ఎ.పి. అనే కొత్త పద్ధతి తీసుకుంది. అడిగేవాడి అర్హతను బట్టి తక్కువో ఎక్కువో చూపగల ఏర్పాటు అందులో ఉంది. ‘డాట్ ఇన్’లో మరొకరి పేరు అడ్డం పెట్టుకునే ‘ప్రైవసీ’ సేవలకు అనుమతి లేదు. బహిరంగంగా మాత్రం వ్యక్తి వివరాలను మూసి, సాధారణంగా సంస్థ పేరు, రాష్ట్రం, దేశం చూపుతారు. కలంపేరుతో రాసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. ‘సంస్థ’ అన్న గడిలో సొంత పేరు రాస్తే అది బయటపడుతుంది. ఒకసారి బయటపడింది తిరిగి లోపలికి రాదు కూడా. పాత నమోదుల నకళ్లు దాచి రుసుముకు చూపే వ్యాపారాలున్నాయి.

ఇక అసలు ప్రశ్న మిగిలింది. పక్కింటివాడికి మూసిన తలుపు ప్రభుత్వానికి తెరిచే ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. కాని మనిషి తానుగా బహిరంగపరచిన సమాచారానికీ, చట్టం ఆదేశించగా మరొకరు బహిరంగపరచినదానికీ ఆ చట్టం వర్తించదు. పైగా దేశభద్రత, శాంతిభద్రతల పేరుతో తాను ఎంచుకున్న విభాగాలను చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రప్రభుత్వానికి ఉంది. అంటే తెరిచిన చిట్టాకు రక్షణ లేదు. మూసిన చిట్టా తాళంచెవి ఎప్పుడు, ఎవరు తిప్పారో రచయితకు తెలిసే మార్గం లేదు. 1867 చట్టం నాటి మేజిస్ట్రేటు కనీసం ముఖం ఉన్న మనిషి.

కనుక రచయితలుగా మనం కోరవలసింది చిట్టాలు వద్దని కాదు. నిజమైన వివరాలు చిట్టాలో ఉండాలి. లోకానికి కనిపించేది మాత్రం, జాబు అందటానికి అవసరమైనంత వరకే ఉండాలి. అంతకుమించి ఎవరైనా, పోలీసులైనా సరే, తెరవాలంటే రాతపూర్వకమైన కారణం చూపాలి, న్యాయస్థానం అనుమతి ఉండాలి, తెరిచిన సంగతి సంబంధిత వ్యక్తికి చేరాలి. ముద్రాపకుడు తన పేరు వేసి రచయిత ముందు నిలబడినట్టుగా, సాహిత్య సంఘాలు తమ పేరున డొమైన్లు నమోదు చేసి సభ్యుల రచనలకు బాధ్యత వహించవచ్చు. వ్యక్తి చిరునామా కన్నా సంఘం చిరునామా మీద దాడి చెయ్యటం కష్టం. జవాబుదారీతనం అంటే ఒంటరి రచయితను వీధిలో నిలబెట్టటం కాదు.