సరిహద్దు సంతలు: చౌక యెచ్చట పుట్టుచున్నది?

పొరుగింటి పుల్లగూర రుచి యని మన పెద్దలు నవ్వుచు చెప్పిరి. పొరుగురాజ్యపు సరకు చౌక యనునది మాత్రము నవ్వులమాట కాదు, లెక్కలమాట. ఒక వాగునకు ఈవలిగట్టున నొక ధరయు, ఆవలిగట్టున వేఱొక ధరయు నున్నచో మనుజుడు వాగు దాటును. అట్లు దాటినవానిని దేశద్రోహి యనువారు కొందఱు, తెలివిగలవాడనువారు కొందఱు. రెండును తొందరపాటు మాటలే. ఆ ధరలభేదమును కల్పించినవా రెవ్వరో విచారింపక, గంప నెత్తిన బెట్టుకొన్న గృహిణిపై తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఆంధ్రుల కీ విషయము క్రొత్తది కాదు. గౌతమీతీరమున యానాము ఫ్రెంచివారి యేలుబడిలో నున్న దినములలో, అచ్చటి మంగళవారపు సంత గోదావరీప్రాంతమున మిక్కిలి ప్రసిద్ధి. విదేశవస్తువులు ఇంగ్లీషువారి సుంకము సోకక అచ్చట దొరకుచుండెను గనుక, చుట్టుప్రక్కల జనులు సంతకు పోయి కొని తెచ్చుకొనుచుండిరి. సరకులకొఱకు మాత్రమే కాదు. బాల్యవివాహములను నిరోధించు శారదాచట్టము 1930 ఏప్రిలులో బ్రిటిషు ఇండియాయందు అమలులోనికి వచ్చిన పిమ్మట, పసిబిడ్డలకు పెండ్లి చేయగోరినవారును యానామునకే బండ్లు కట్టించిరి. కావున ఎల్ల దాటుట యెల్లవేళల నిర్దోషమని యెవ్వరును అనజాలరు. అయినను రెండింటికిని మూలకారణ మొక్కటియే: ఇచ్చట నొక శాసనము, అచ్చట వేఱొక శాసనము.

1954 నవంబరులో యానాము భారతదేశ పాలనలోనికి వచ్చెను. 1962 ఆగస్టులో చట్టరీత్యా అప్పగింత పూర్తి యయ్యెను. విదేశవస్తువుల సంత కథగా మిగిలెను. 2017 జూలైలో వస్తుసేవల పన్ను దేశమున కంతటికిని ఒక్కటి యైనందున, నేడు యానాములో కొన్న సబ్బునకును కాకినాడలో కొన్న సబ్బునకును పన్నులో భేదము లేదు. ఆ పన్నునకు వెలుపల నిలిచినవి పెట్రోలును మద్యమును. ప్రక్కజిల్లాలవారు బేరమునకై నేటికిని యానాము త్రోవ పట్టుట ముఖ్యముగా ఈ రెండింటికొఱకే. శాసనము సమమైనచోట సంత సద్దుమణిగినది; అసమమైనచోట నిలిచియున్నది. ఇంతకన్న స్పష్టమైన నిదర్శన మేమి కావలయును?

యానాము చిన్న యుదాహరణము. ఈ సూత్రమునే పెద్దయెత్తున చూడగోరువారు భారత నేపాళముల నడిమి సరిహద్దును చూడవలయును. 1,700 కిలోమీటర్లకు మించిన ఆ ఎల్లవెంబడి, 1950 నాటి సంధి మొదలుకొని, ఉభయదేశముల ప్రజలకు పాసుపోర్టు వీసాల ప్రసక్తి లేని రాకపోకలు సాగుచున్నవి. బీహారున రక్సౌలు, దాని కెదురుగా బీర్గంజి. జోగబని కెదురుగా విరాటనగరము. ఉత్తరప్రదేశమున సోనౌలి కెదురుగా భైరహవా. ఇవి జంటపట్టణములు. ఈ పట్టణమున కాపురము, ఆ పట్టణమున అంగడి. నేపాళపు రూపాయి 1993 నుండి భారతరూపాయి యొకటికి 1.60 చొప్పున స్థిరముగ కట్టుబడియున్నది కావున, కొనువారికి నోట్లు మార్చు వర్తకుని చుట్టు తిరుగవలసిన పని లేదు. వేళ్లమీదనే లెక్క తేలును. దసరా దీపావళులకును ఛఠ్ వ్రతమునకును ముందు నేపాళపు కుటుంబములు రక్సౌలు బజారునకు వచ్చి బట్టలు, పాత్రలు, చెప్పులు, పప్పు, చక్కెర, వంటనూనె కొనిపోవుట అచ్చటివారికి తరతరముల అలవాటు. మిథిలాప్రాంతమున నీ సంబంధమును రొట్టెకును బిడ్డకును సంబంధించినదని చెప్పుకొందురు. అనగా కొనుట తినుట యొక్క దేశమున, పిల్ల నిచ్చుట తెచ్చుకొనుట వేఱొక దేశమున నన్నమాట.

ఈ చౌక యెట్లు పుట్టుచున్నది? సూరతులో నేసిన చీర రక్సౌలు అంగడికి వచ్చువఱకు భారతదేశపు పన్ను ఒక్కటే దానిపై పడును. ఆ చీరయే బీర్గంజి అంగడికి పోవలెననిన దిగుమతిసుంకము కావలయును. 2005లో నూటికి 13 చేయబడిన నేపాళపు విలువ ఆధారిత పన్ను కావలయును. ఎల్లకడ సరకు నిలిచిన దినముల ఖర్చును, దిగుమతి వర్తకుని లాభమును కావలయును. చీర మాఱలేదు, నేసినవాని కూలి మాఱలేదు, మాఱినది కాగితములే. 2025 సెప్టెంబరు 22వ తేదీన భారతప్రభుత్వము సబ్బు, తలనూనె మున్నగువానిపై పన్నును నూటికి 18 నుండి 5కు తగ్గించెను. ఢిల్లీలో వ్రాసిన ఆ యంకె బీర్గంజిలోని చిల్లరవర్తకుని గల్లాపెట్టెను తాకకుండునా?

మఱియొక విశేషము గలదు. ఈ ప్రవాహ మెప్పుడును ఒకేవైపు పాఱినది కాదు. భారతదేశమున దిగుమతులపై కఠిననిర్బంధములున్న కాలమున, అనగా 1991 నాటి సంస్కరణములకు పూర్వము, మనవారే నేపాళపు సరిహద్దు బజారులకు పరుగులెత్తిరి. నేపాళమున ఝాపాజిల్లాలోని ధులాబరి గ్రామము విదేశపు బట్టలకును, గొడుగులకును, రేడియోలకును పేరుమోసి, సిలిగుడి ప్రాంతమువారి కొక యాత్రాస్థల మైనది. మన సుంకములు తగ్గి, ఆ వస్తువులు మన యూళ్లలోనే దొరకజొచ్చిన పిమ్మట ధులాబరి వైభవము మసకబాఱెను. ఇటీవలి సంగతి చూడుడు: 2021 ఫిబ్రవరిలో మన పెట్రోలు ధర నూఱురూపాయల దరిజేరినపుడు, బీహారు సరిహద్దు గ్రామములవారు డబ్బాలు చేతబట్టి నేపాళమునకు పోయి పెట్రోలు తెచ్చుకొనిరి. ఆ పెట్రోలు నేపాళమున పుట్టినదా? కాదు. నేపాళమునకు ఇంధనమును సరఫరా చేయునది మన ఇండియన్ ఆయిల్ సంస్థయే. డీజిలు పంపుటకై మోతీహారినుండి అమలేఖగంజి వఱకు 69 కిలోమీటర్ల గొట్టపుమార్గమును 2019 సెప్టెంబరులో ఇరుదేశముల ప్రధానులు ప్రారంభించిరి గదా! మన యింటినుండి పోయిన నూనె పొరుగింట చౌకయై, మరల డబ్బాలలో మన యింటికే వచ్చెను. నడుమ నున్నది మన పన్ను; వేఱేమియు గాదు.

కావున ఎల్లప్రక్క బజారు ఒక త్రాసు వంటిది. రెండు ప్రభుత్వముల పన్నులును నిర్బంధములును రెండు తట్టలలో నుండును. ప్రజల గంపలు ఏవైపు పోవుచున్నవో చూచినచో ఏ తట్ట బరువెక్కినదో తెలియును. ఆర్థికమంత్రులు దస్త్రములలో వెదకు సత్యమును గృహిణి కాలినడకనే తేల్చి చెప్పుచున్నది.

ఇక బీర్గంజి వర్తకుని పక్షమున గల న్యాయమును గూడ వినవలయును. అతడు అంగడికి అద్దె చెల్లించుచున్నాడు, గుమాస్తాలకు జీతము లిచ్చుచున్నాడు, తన ప్రభుత్వమునకు పన్ను కట్టుచున్నాడు. తన వీథిలోని కుటుంబమే పండుగబట్టలను ఎల్లయావల కొని, మిగిలిన సూదికిని దారమునకును తనయొద్దకు వచ్చినచో అతని కడుపు మండదా? నేపాళరాజ్యపు టాదాయములో గొప్పభాగము సుంకపు ఠాణాలకడనే వసూలగుచున్నది. పాఠశాలయు వైద్యశాలయు నడుచుట ఆ సొమ్ముతోనే. గంపలన్నియు పన్ను లేకయే దాటినచో ఆ ఖర్చునకు మూలమెచ్చట? కావున సుంకమే కూడదనుట మా యభిప్రాయము కాదు. సుంకము ఎవరిపై, ఎంత, ఏ విధమున ననునదే ప్రశ్న.

2023లో నేపాళప్రభుత్వము నూఱురూపాయలకు మించిన సరకునకు సుంకము చెల్లింపవలసినదే యను నిబంధనను సరిహద్దు ఠాణాలకడ కఠినముగ అమలు జరిపెను. సరిహద్దు ప్రజలు గోలపెట్టిరి. నేపాళపు నూఱురూపాయ లనగా మన లెక్కలో 62 రూపాయల 50 పైసలు. ఒక సేరు పప్పును సబ్బుబిళ్లయు కొన్న యెడల ఆ హద్దు దాటును. ఇట్టి హద్దు పెట్టినపుడు ప్రతి గృహిణియు నేరస్థురాలే యగును. అందఱును నేరస్థులైనచోట ఎవరిని పట్టవలెను, ఎవరిని విడువవలెను అనునది చట్టము చేతిలో నుండదు. కాపలావాని చేతిలోనికి పోవును. దొరికినవాడే దొంగ యగును. సైకిలుపై మూట గట్టుకొని పోవు ముసలమ్మ నిలిచిపోవును. రాత్రివేళ లారీతో దాటు ఘనుడు దాటుచునే యుండును. ఇది రాజ్యాదాయమును పెంచు మార్గము కాదు. ప్రజకు చట్టమునెడ గౌరవమును తుడిచివేయు మార్గము.

ఈ విషయమున మన ప్రాచీనులు మనకంటె వెనుకబడినవారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుని ప్రకరణము కలదు. వివాహమునకు కావలసిన వస్తువులు, కన్య పుట్టినింటినుండి కొనిపోవు సామగ్రి, యజ్ఞమునకును, ప్రసవమునకును, దేవపూజకును, చౌలోపనయనములకును ఉద్దేశింపబడినవి సుంకములేక విడువవలెనని అందు విధింపబడినది. ఆ పేరు చెప్పి బొంకి సరకు దాటించువానికి దొంగకు తగిన శిక్షయు అందే కలదు. వెన్నునొప్పి కలిగించునంత కఠినుడని పేరొందిన ఆ రాజనీతిజ్ఞుడే యింటిగంపను వర్తకుని బండినుండి వేఱుచేసెను. జనకపురపు పడుచునకు జయనగరమున కొన్న పెండ్లిచీర యే కోవకు చెందునో ఆయన నడిగిన వెంటనే చెప్పియుండును!

దీనికి విరుద్ధమైన మార్గమును ఇంగ్లీషు దొరలు మన గడ్డపైననే పరీక్షించి విఫలులైరి. రాజపుటానా ఉప్పు చౌకగ వచ్చి తమ ఉప్పుపన్నును చెఱచునని భయపడి, వారు ఉత్తరదేశమున కడ్డముగ సుంకపుటెల్ల నొకదానిని నిలిపి, బహుదూరము ముండ్లకంచె పెంచిరి. 1869 నాటికి అది 2,300 మైళ్లకు మించి సాగెను. కాపలాకు దాదాపు 12,000 మంది కావలసివచ్చిరి. ఆ కంచెను పెంచి పోషించిన సుంకాధికారులలో ప్రముఖుడు, పిమ్మట 1885లో కాంగ్రెసు మహాసభ పుట్టుకకు పాటుపడిన ఆలన్ ఆక్టేవియన్ హ్యూమే! పిడికెడు ఉప్పునకై వేలమంది బీదలు పట్టుబడిరి. తుదకు కంచె నిలిచినదా? ఉప్పుపన్నులను ప్రాంతమునకు ప్రాంతమునకు నడుమ సమీపమునకు తెచ్చి, 1879లో దానిని వారే ఎత్తివేసిరి. ముండ్లు చేయలేని పని పన్నుల సమత్వము చేసెను. (ఉప్పుపన్ను మాత్రము పోలేదు, దానికి 1930లో గాంధీమహాత్ముడు దండికి నడువవలసివచ్చెను.)

బీదదేశములకే యీ చిక్కు అని తలపరాదు. స్విట్జర్లండు సంపన్నులు శనివారము వచ్చినచో జర్మనీ యెల్లలోని కాన్‌స్టాంజు పట్టణమునకు పోయి మాంసము, పాలసరకులు, సబ్బులు కొని తెచ్చుకొందురు. అచ్చటి అంగళ్లలో చెల్లించిన జర్మనీపన్నును రసీదు చూపి తిరిగి పొందుటయు కలదు. తమ చిల్లరవర్తకుల మొఱ నాలకించిన స్విస్సు ప్రభుత్వము, పన్ను లేక తెచ్చుకొనదగు సరకు విలువను 2025 జనవరి 1 నుండి మనిషికి 300 ఫ్రాంకులనుండి 150కి తగ్గించెను. తగ్గించిన తరువాతను అది ఒక కుటుంబపు వారపుసంతకు సరిపోవు మొత్తమే. వర్తకుని రక్షించుటకై గృహిణిని దొంగను చేయనక్కఱలేదని ఇది తెలుపుచున్నది.

మన దేశమునకును ఇందు అనుభవము కలదు. 2011లో మేఘాలయమున కలాయిచర్ వద్ద భారత బంగ్లాదేశములు ఎల్లమీదనే సంతను తెఱచెను. ఇరువైపుల 5 కిలోమీటర్లలోని గ్రామస్థులు తమ పంటలను, చేతిపనుల సరకులను సుంకము లేక, ఒక పరిమితికి లోబడి, అమ్ముకొనుటకును కొనుటకును అది ఉద్దేశింపబడినది. దొంగచాటుగ సాగు బేరమును పట్టపగటి బేరముగ మార్చుట రాజనీతి.

కావున చేయవలసినది కష్టమైనది కాదు. మొదటిది: ఇంటివాడుకకు చాలినంత సరకును, మనుష్యుడు సిగ్గుపడక చెప్పుకొనదగిన హద్దు నొకదానిని, బాహాటముగ బోర్డుపై వ్రాసి పెట్టవలయును, మాటిమాటికి మార్చరాదు. రెండవది: సుంకపు సిపాయి చూపు గంపనుండి లారీవైపునకు తిరుగవలయును. మూడవది, ముఖ్యమైనది: జనులు గుంపులుగా ఎల్ల దాటుచున్నపుడు ప్రభుత్వము వారిని కాక తన పన్నుపట్టికను ముందు పరీక్షించుకొనవలయును. పెట్రోలుకై మన పౌరుడు డబ్బా పట్టుకొని పరదేశము పోయిననాడు తల వంచుకొనవలసినవాడు ఆ పౌరుడు కాడు.

కొనువారి ధర్మము నొకమాట చెప్పక తప్పదు. ఇంటికి కావలసినది తెచ్చుకొనుట వేఱు. పొరుగువారికి అమ్ముకొనుటకు నాలుగు మూటలు ఇంటిసరకని బొంకి తెచ్చుట వేఱు. రానుపోను బండికూలియు, దినమంతయు పోయిన పనియు లెక్క వేసికొన్నచో, కొన్ని బేరములు చౌక కానే కావని గూడ తేలును. మన వీథిలోని అంగడివాడు మనము జబ్బుపడిననాడు అప్పు పెట్టువాడు. ఆవలివాడు ఆ పని చేయడు. దీని నెంచి కొనుట బుద్ధిమంతుల లక్షణము. అయితే యీ హితము చెప్పు నధికారము, న్యాయమైన ధరకు సరకు దొరకునట్లు తన దేశమును నడుపుకొన్న ప్రభుత్వమునకే కలదు. తక్కినవారు గంప దింపుమని శాసించుటకు ముందు, ఆ గంప నెవరు ఎల్ల దాటించిరో తెలిసికొందురు గాక.