పొత్తిగుడ్డల శుభ్రత



1934లో ఆజంజాహి మిల్లు వెలసిన ఊరు మన వరంగల్. ఆ మిల్లు మూతబడి ఏళ్లు గడిచినా, నూలుగుడ్డ గుణం ఓరుగల్లు ఇల్లాలికి ఒకరు చెప్పనక్కరలేదు. బజార్లో ఎన్ని డయాపర్లు వచ్చినా పసిపాపకు పాత నూలుచీర చింపిన పొత్తిగుడ్డ హాయి. అయితే, తెల్లగా కనబడిన గుడ్డల్లా శుభ్రమైనది అనుకోకూడదు. అందులో ఏం మిగిలిపోయిందో చూసుకోవాలి.

మూత్రం తడిసిన గుడ్డను మూలన పడేస్తే సూక్ష్మజీవులు చేరి అమ్మోనియా తయారవుతుంది. ఆ ఘాటు వాసన అదే. కనుక వెంటనే చన్నీళ్లలో జాడించండి. మలం అంటిన గుడ్డను మరుగుదొడ్లో దులిపి, ముందు చన్నీళ్లతోనే కడగాలి. మొదటే వేణ్ణీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. తర్వాత సబ్బుపెట్టి వేడినీళ్లలో ఉతకండి. పాపకు విరేచనాలైనప్పుడు గుడ్డల్ని పది నిమిషాలు ఉడికించండి. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవటం మరవకండి.

చాలా బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, తెట్టెలా గుడ్డకు పట్టుకుంటుంది. నురగ చాలలేదని మనం ఇంకాస్త సబ్బు వేస్తాం. గుడ్డలో మిగిలిన ఆ సబ్బుకే పాప తొడలు ఎర్రగా కందిపోవచ్చు. సబ్బు తగ్గించి, మూడు నీళ్లలో జాడించండి. ఆఖరిసారి నల్లా నీళ్లయితే మేలు. ఆపైన మంచి ఎండలో ఆరేయండి. ముసురు రోజుల్లో ఫ్యాను కింద ఆరేసి, రెండు వైపులా ఇస్త్రీ చేయండి. చెమ్మ ఉండగా మడత పెట్టకండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పెద్దబిడ్డ గుడ్డల్ని కలరా ఉండలు వేసి పెట్టెలో దాచి, చిన్నబిడ్డ పుట్టగానే తీస్తాం కదా! అది చాలా ప్రమాదమండీ. జి-6-పి.డి. అనే పదార్థం పుట్టుకతోనే రక్తంలో తక్కువగా ఉన్న పిల్లలు కొందరుంటారు. చూడటానికి బాగానే ఉంటారు. కలరా ఉండల ఆవిరి సోకితే మాత్రం వాళ్ల రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. మెదడుకే ముప్పు రావచ్చు. ఒక్కసారి ఉతికినంత మాత్రాన ఆ వాసన పోదు. అలాంటి గుడ్డలు పసికందుకు వాడకపోవటమే మంచిది. ఉన్నికీ పట్టుకీ పట్టే పురుగు శుభ్రమైన నూలుగుడ్డ జోలికి రాదు. బాగా ఆరబెట్టి, మూత బిగువుగా ఉన్న డబ్బాలో పెడితే చాలు.

బిడ్డ కళ్లు పచ్చబడితే, ఎండ చూపిస్తే పోతుందిలే అని ఆగకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. గుడ్డలు ఎలా దాచారో కూడా చెప్పండి.